డిగ్రీ రూల్స్ కాగితాలు, మా బ్యారన్, అమ్మ కూలి

మా చిన్నాన్న కొడుకు ఈ ఏడాది డిగ్రీలో చేరాడు. కామర్స్ మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు. చేరిన మూడో రోజే కాలేజీలో ఇచ్చిన రూల్స్ కాగితాలన్నీ ఫోటోలు తీసి వాట్సాప్‌లో పడేశాడు, పదకొండు పేజీలు, అందులో నాలుగు తలకిందులు. కింద ఒక్క లైను: "అక్కా, ఇదంతా చదివి నాకు రెండు ముక్కల్లో చెప్పు." రెండు ముక్కల్లో నావల్ల కాలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. వాడు చదువుతాడన్న నమ్మకం లేదు, వాడిలాంటి వాళ్లు ఇంకెవరైనా చదువుతారేమో.

ఆ పదకొండు పేజీల్లో పది పేజీలు రూల్సు, ఒక్క పేజీ ఉద్దేశాలు. అంటే ఈ డిగ్రీ చదివితే నువ్వు ఏం చేయగలుగుతావు అన్నది. నేను 2021లో చేరినప్పుడు కూడా ఇంతే ఇచ్చారు, నేను రెండూ చదవలేదు. రూల్స్ చదవనందుకు రెండో ఏడాది నెత్తి పట్టుకున్నా, ఉద్దేశాల పేజీ చదవనందుకు మాత్రం చాన్నాళ్లు ఏ ఇబ్బందీ రాలేదు. ఆ తేడాయే నన్ను ఇప్పటికీ గోకుతా ఉంటుంది.

ముందు క్రెడిట్లు. దీని గురించి అందరూ ఏదో బ్రహ్మపదార్థంలా మాట్లాడతారు కానీ లెక్క చిన్నదే. ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు, సెమిస్టర్‌కి పదిహేను వారాలు. నాలుగు క్రెడిట్ల పేపరంటే అరవై గంటలు. ప్రాక్టికల్ అయితే రెండు గంటలకి ఒక క్రెడిట్. యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్ ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. మూడేళ్లలో సగం, అంటే కనీసం 60, మేజర్ సబ్జెక్టులోనే ఉండాలి, 24 మైనర్‌లో (పక్క సబ్జెక్టు), మిగతావి భాషలు, స్కిల్ పేపర్లు, ఇంటర్న్‌షిప్పు వగైరా. మన రాష్ట్రంలో 2023-24 నుంచి సింగిల్ మేజర్ పెట్టాక బీకామ్ అన్నా బీఏ ఎకనామిక్స్ అన్నా ఈ చట్రంలోకే వచ్చాయి.

ఇప్పుడు అసలు సంగతి, గ్రేడు. ఓ అంటే 10 పాయింట్లు, ఏ ప్లస్ 9, ఏ 8, బీ ప్లస్ 7, బీ 6, సీ 5, పీ 4, ఎఫ్ అంటే సున్నా. ప్రతి పేపరుకీ క్రెడిట్లని పాయింట్లతో గుణించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే ఎస్‌జీపీఏ, అంటే ఆ సెమిస్టర్ సగటు. ఒక సెమిస్టర్లో నాలుగు క్రెడిట్ల పేపర్లు మూడు (బీ ప్లస్, ఏ, సీ వచ్చాయి అనుకో), మూడు క్రెడిట్లవి రెండు (ఏ ప్లస్, బీ), రెండు క్రెడిట్ల స్కిల్ పేపర్ ఒకటి, దాంట్లో ఓ. కూడితే 28, 32, 20, 27, 18, 20, మొత్తం 145. ఇరవై క్రెడిట్లతో భాగిస్తే 7.25.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూడరా అబ్బాయ్. రెండు క్రెడిట్ల పేపర్లో నువ్వు తెచ్చుకున్న ఓ కి ఇరవై వచ్చింది, నాలుగు క్రెడిట్ల అకౌంటింగ్‌లో ఏడుస్తా తెచ్చుకున్న సీ కి కూడా ఇరవయ్యే వచ్చింది. ఆ సీ ని బీ ప్లస్ చేసుకుంటే మొత్తం 7.65 అయ్యేది. స్కిల్ పేపర్లో ఏ ప్లస్ నుంచి ఓ కి ఎక్కడానికి నువ్వు రెండు రాత్రులు కూర్చుని రంగురంగుల స్కెచ్‌పెన్నులతో బొమ్మలేసుకున్నావే, దానికి దక్కింది ముక్కాలు కూడా కాదు, ముష్టి 0.1. ఉన్న గంటలు తక్కువ, పెట్టాల్సిన చోట్లు ఎక్కువ, ఇంకొక్క గంట ఎక్కడ పెడితే ఎంత అదనంగా వస్తుంది. ఎకనామిక్స్ పేపర్లో ఉపాంతం, ఉపాంతం అని సెమిస్టరంతా చెప్తారు చూడు, అది ఇదే. మాకు దాన్ని యాపిల్ పండ్లు ఒకదాని తర్వాత ఒకటి తింటున్న వినియోగదారుడితో చెప్పారు. యాపిల్ పండ్లు అన్నేసి ఎవరు తింటారో నాకిప్పటికీ తెలియదు, మామిడి పండ్లయితే ఉదయగిరి వైపు చుట్టాలింట్లో నేనే తిన్నా, తినేకొద్దీ తగ్గాల్సిన ప్రయోజనం నాలుగోదాకా క్షీణించలేదు.

ఇక అటెండెన్సు. ఇది నా సొంత పుండు.

మా ఊరు కందుకూరు పక్కన. నాలుగెకరాలు, ఒక బ్యారన్. బ్యారన్ తెలియని వాళ్లకి: పొగాకు ఆకుని కర్రలకి కట్టి లోపల అంతస్తులుగా వేలాడదీసి కింద మంట పెట్టి వేడి కొంచెం కొంచెంగా పెంచుతా వారం దాకా ఆరబెట్టే ఎత్తైన గది. జనవరి నుంచి మార్చి దాకా ఆకు రెలుపు (కోత), కట్టడం, ఎక్కించడం, రాత్రంతా మంట కాపలా. ఆ మూడు నెలలు ఇంట్లో చేతులున్న ప్రతి మనిషీ కావాలి. రెండో ఏడాది ఆ టైములో అమ్మకి నడుము పట్టేసింది, నేను ఇంట్లో ఉండిపోయా. ఎన్నిరోజులు ఉన్నానో లెక్క పెట్టుకోలేదు, సార్లకి చెప్పా గదా, చూసుకుంటారులే అనుకున్నా. హాల్‌టికెట్ల ముందు లిస్టు పెడితే నా పేరు పక్కన 68 శాతం.

రూలేందంటే 75 ఉండాలి. మా దగ్గర 65కీ 75కీ మధ్య ఉన్నవాళ్లు కండొనేషన్ ఫీజు (హాజరు తక్కువైనా మన్నించడానికి) కట్టి మెడికల్ సర్టిఫికెట్ పెట్టుకుంటే పరీక్షకి కూర్చోనిస్తారు, 65 కూడా లేకపోతే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. ఆఫీసులో ఉన్నాయన నన్ను ఏం జబ్బమ్మా అన్నాడు. జబ్బు లేదు సార్, బ్యారన్ అన్నా. ఆయన పెన్ను కింద పెట్టి నా వైపు చూసి, "బ్యారన్‌కి కాలమ్ లేదమ్మా ఈ ఫారంలో, టైఫాయిడ్ రాయించుకురా" అన్నాడు. మంచాయనే పాపం, దారి చెప్పాడు. అట్లా నాకు రాని టైఫాయిడ్ వచ్చిపోయింది. వ్యవసాయం ఇళ్లనుంచి వచ్చే పిల్లలు సగానికి సగం ఉండే కాలేజీల్లో రూల్స్ రాసేటప్పుడు జ్వరానికి చోటు పెట్టినవాళ్లకి పంట కోతలు గుర్తుకు రాకపోవడం మీద నాకిప్పటికీ కోపమే. కాబట్టి నువ్వు చేయాల్సింది, సెమిస్టర్ మొదట్లోనే లెక్క వేసుకో. అరవై గంటల పేపర్లో పదిహేను గంటలు నీవి. అంతకంటే ఒక్కటి కూడా కాదు. వాటిని బస్సు తప్పినందుకూ కొత్త సినిమాకీ ముందే ఖర్చు పెట్టేస్తే ఫిబ్రవరిలో మీ నాయన ఆకు ఎక్కించడానికి పిలిచినప్పుడు చేతిలో ఏం ఉండదు.

మధ్యలో ఆపేయడం గురించి కూడా అడిగావు. (చేరిన మూడో రోజే ఇదెందుకు అడిగావో పిన్నికి చెప్పలేదులే.) ఆ ఫ్రేమ్‌వర్క్‌లో మొదటి ఏడాది తర్వాత 40 క్రెడిట్లతో సర్టిఫికెట్, రెండో ఏడాది తర్వాత 80తో డిప్లొమా తీసుకుని బయటికి పోవచ్చు, కాకపోతే ఎండాకాలంలో నాలుగు క్రెడిట్ల వొకేషనల్ కోర్సు ఒకటి చేయాలి. మళ్లీ మూడేళ్లలోపు వచ్చి చేరొచ్చు, మొత్తం ఏడేళ్లలో డిగ్రీ ముగించాలి. క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఉంటాయి, ఆ ఐడీ ఇప్పుడే తెరిచిపెట్టుకో, ఆధార్‌లో పేరూ టెన్త్ మెమోలో పేరూ ఒక్కటిగా ఉన్నాయో లేదో ముందు చూసుకో. నాలుగో ఏడాది రీసెర్చ్‌తో ఆనర్స్ కావాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు కావాలి. బయటికి పోయే తలుపు ఉండటం మంచిదే. కానీ మన వైపు ఆ తలుపులో నుంచి పోయినవాళ్లు, ముఖ్యంగా పెళ్లి కుదిరిన ఆడపిల్లలు, తిరిగి లోపలికి రావడం నేనింకా చూడలేదు.

సరే, ఆ ఒక్క పేజీకి వద్దాం. ఉద్దేశాల పేజీ. ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్, కోర్స్ అవుట్‌కమ్స్ అని ఉంటుంది. "ఈ కోర్సు పూర్తయ్యేసరికి విద్యార్థి వ్యాపార నిర్ణయాలను విశ్లేషించగలుగుతాడు, ఆర్థిక సూత్రాలను నిజజీవిత పరిస్థితులకు అన్వయించగలుగుతాడు." మా కాలేజీలో, కాలేజీలకి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లు వస్తున్నారంటే ఇదే పేజీని పెద్ద ఫ్లెక్సీ కొట్టించి మెట్ల దగ్గర కట్టారు. వాళ్లు వెళ్లిపోయాక ఆ ఫ్లెక్సీ సైకిల్ స్టాండు మీద కప్పారు, వానాకాలం బాగా పనికొచ్చింది.

వెటకారం పక్కన పెడితే, ఆ పేజీలో రాసింది తప్పేం కాదు. ఇప్పుడు చదువుతుంటే అందులో ఉన్నదే అసలు చదువు అనిపిస్తుంది. వచ్చిన గొడవల్లా ఆ పేజీలో ఉన్నదాన్ని మిగతా పది పేజీలు ఎక్కడా కొలవవు. కొలిచేది ఇంటర్నల్స్‌నీ, సెమిస్టర్ పరీక్షనీ. పరీక్షలో ఏం వస్తుంది? "డిమాండ్ సూత్రాన్ని నిర్వచించి మినహాయింపులను వివరించండి." ధర తగ్గితే డిమాండ్ పెరుగుతుంది, ఇతర పరిస్థితులు స్థిరంగా ఉన్నప్పుడు. మినహాయింపులు గిఫెన్ వస్తువులు, వెబ్లెన్ వస్తువులు (ఖరీదెక్కువైతేనే గొప్పకి కొనేవి), పటం గీయాలి, పటానికి రెండు మార్కులు. నేను ఇది నిద్రలో కూడా రాస్తా. ఐర్లాండ్‌లో పేదవాళ్లు బంగాళాదుంప ధర పెరిగినా అదే ఎక్కువ కొన్నారని గిఫెన్ పేరుమీద పుస్తకాల్లో చెప్పే కథ కందుకూరు పిల్లలందరికీ కంఠతా వచ్చు. అదే పిల్లల నాయనలు కందుకూరు పొగాకు వేలం కేంద్రంలో బేళ్ల (ఆకు మూటల) పక్కన నిలబడి, కొనేవాడు ఎవడూ పాడక "నో బిడ్" పడ్డ బేలుని తిరిగి ఆటోకి ఎక్కించుకుని ఎందుకు వస్తున్నారన్నది మాత్రం ఏ ప్రశ్నపత్రంలోనూ రాదు.

సిలబస్‌లో లేకనా? సాలెగూడు సిద్ధాంతం అని ఒకటుంది. కాల్డార్ అనే ఆర్థికవేత్త 1934లో దానికి ఆ పేరు పెట్టాడు. ఈ ఏడాది రేటు చూసి రైతు వచ్చే ఏడాది పంట వేస్తాడు, అందరూ అదే చూసి అదే వేస్తారు, సరుకు పోటెత్తి రేటు పడిపోతుంది, ఆ పైయేడు ఎవడూ వేయడు, మళ్లీ రేటు ఎక్కుతుంది. పటంలో గీతలు తిరిగి తిరిగి సాలెగూడులా అవుతాయి. నల్లబర్లీ పొగాకు సంగతి చూడు. అంతకుముందు రేటు బాగా పలికిందని ఎగబడి వేశారు, 2025లో కొనేవాళ్లు లేక ప్రభుత్వం సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్‌తో కొనిపించాల్సి వచ్చింది. పాఠం మన చేలోనే జరుగుతా ఉంది. నేను పరీక్షలో ఆ సిద్ధాంతానికి పంది మాంసం ఉదాహరణ రాశాను, గైడులో అదే ఉంది కాబట్టి.

మూడేళ్లలో ఆ ఉద్దేశాల పేజీ నాకు ఎదురుపడింది ఒక్కసారే, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులో. మొదటి ఏడాది అయ్యాక ఊళ్లోకి పోయి ఇంటింటి సర్వే చేసి, లాగ్‌బుక్ రాసి, రిపోర్టు స్పైరల్ బైండింగ్ చేయించి ఇవ్వాలి, నాలుగు క్రెడిట్లు. మా క్లాసులో చాలామంది సీనియర్ల రికార్డు తెచ్చుకుని ఊరి పేరు మార్చారు. అందులోనూ ఒక తమాషా, 2022 ఏప్రిల్లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది గదా, కాపీ కొట్టినవాళ్ల రికార్డుల్లో అట్ట మీద నెల్లూరు జిల్లా, లోపల మూడో పేజీలో ప్రకాశం జిల్లా.

నేనూ కాపీ కొట్టేదాన్నే, అబద్ధమెందుకు. రికార్డు ఇస్తానన్న అక్క ఊళ్లో లేదు. దాంతో మా వీధిలో పొగాకు వేసిన పద్దెనిమిది ఇళ్లు తిరిగి ఖర్చులు రాసుకున్నా. మొదటి ఇల్లు మాదే. నాయన ఎరువుల కొట్టువాళ్లిచ్చిన డైరీ తెచ్చి ముందు పెట్టాడు. నారు, ఎరువులు, మందులు, బ్యారన్‌కి కట్టె, రెలుపు కూలీలు, ఆటో బాడుగలు, అన్నీ తేదీలతో సహా ఉన్నాయి. ఆ ఏడు మాకు రేటు పర్వాలేదు, ఖర్చులన్నీ పోను మిగిలింది 60 వేలు. నాయన మొహంలో కాస్త గర్వం కూడా ఉంది.

నాకప్పుడే బిజినెస్ ఎకనామిక్స్ పేపరు అయ్యుంది. ఇంప్లిసిట్ కాస్ట్ అని చదివా, అంటే జేబులోనుంచి డబ్బు పోదు కానీ అదీ ఖర్చే, నీ సొంత భూమికి బయట వచ్చే కౌలు, నీ సొంత కష్టానికి బయట వచ్చే కూలి. చదివినప్పుడు రెండు మార్కుల ప్రశ్నగానే చదివా. డైరీ ముందు పెట్టుకుని కూర్చున్నాక చెయ్యి ఊరుకోలేదు. నాలుగెకరాలకి ఎకరా పన్నెండు వేలు చొప్పున కౌలు, 48 వేలు. అమ్మ ఆకు కట్టిన రోజులూ గ్రేడింగ్ చేసిన రోజులూ కలిపి తొంభై, రోజుకి మూడొందలు, 27 వేలు. రెండూ కలిపితే 75 వేలు. అరవైలోనుంచి తీసేస్తే పదిహేను వేలు నష్టం. నాయన రాత్రులు మంట కాడ కూర్చున్నది ఇంకా కలపనే లేదు.

ఆ కాగితం చూపిస్తే నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పొలం మనదే గదమ్మా, మనకి మనమే కౌలు కట్టుకుంటామా?" అన్నాడు. లెక్కగా చూస్తే ఆయన అన్నది తప్పే, కానీ ఆయన గొంతు విన్నాక పుస్తకంలో ఉన్న వాక్యం చెప్పబుద్ధి కాలేదు. అమ్మ మాత్రం పొయ్యి దగ్గర నుంచే అందుకుంది. "నాకు మూడొందలా? మొన్న బయట నుంచి వచ్చినోళ్లకి నాలుగొందలూ, మజ్జిగా ఇచ్చాడు మీ నాయన. నాకెందుకు తగ్గించావే?" నా దగ్గర జవాబు లేదు. నిజంగానే లేదు. ఇంటి మనిషి గదా అని నా చెయ్యే వంద తగ్గించి రాసింది, ఎందుకు రాసిందో నాక్కూడా తెలియలేదు. నాలుగొందలు వేసి మళ్లీ కూడితే నష్టం 24 వేలు అయింది. అమ్మకి ఆ నష్టంతో సంబంధం లేనట్టు చాలా సంతోషంగా ఉంది ఆ రోజంతా.

మిగతా పదిహేడు ఇళ్లలో కూడా ఇదే వరస. ఆడవాళ్ల పని ఒక్క డైరీలో కూడా లేదు. నలుగురైదుగురు నన్ను కసిరారు, ఇద్దరు మళ్లీ పిలిచి లెక్క వేసిపెట్టమన్నారు. రిపోర్టులో అంతా రాశా, పట్టికలతో సహా.

వైవాలో సారు పేజీలు తిప్పారు. నా గుండె దడదడ, అమ్మ కూలి గురించి అడుగుతారు, చెప్పాలి అని. ఆయన అడిగింది రెండు. మార్జిన్లు ఎందుకు కొట్టలేదు, సర్పంచి సంతకం మీద స్టాంపు ఎక్కడ. నాకు ఏ వచ్చింది. మూడో పేజీలో ప్రకాశం జిల్లా వదిలేసిన నా ఫ్రెండుకి ఏ ప్లస్, వాడి మార్జిన్లు బాగున్నాయి.

దీనికి నేను ఏడ్చానని కాదు. ఆ నాలుగు క్రెడిట్లకి రూల్ బుక్ ప్రకారం ఇద్దరికీ రావాల్సింది వచ్చింది, నేను చేసిందాన్ని కొలిచే గడి ఆ మార్కుల కాగితంలో లేదు, బ్యారన్‌కి కాలమ్ లేనట్టే. ఇప్పుడు కావలిలో ఒక రొయ్యల మేత డీలరు దగ్గర అకౌంట్స్ చూస్తున్నా. టాలీ నేర్చుకున్నది కాలేజీ బయట, జీఎస్టీ కాస్తో కూస్తో కాలేజీలోనే. కానీ రైతు వచ్చి అప్పుమీద మేత అడిగినప్పుడు, చెరువు సొంతమా కౌలా, కాపలా ఎవరుంటున్నారు, అని అడగబుద్ధి అవుతుంది చూడు, అది ఆ పద్దెనిమిది ఇళ్ల దగ్గర నుంచి వచ్చిందే. 2025లో అమెరికావాళ్లు మన సరుకు మీద సుంకాలు యాభై శాతానికి తీసుకుపోయినప్పుడు మా కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని రైతులు కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రేట్ల గురించి మాట్లాడుకుంటా ఉంటే, డిమాండ్ వ్యాకోచత్వం (ధర మారితే కొనుగోలు ఎంత మారుతుందన్నది) పాఠం మొదటిసారి అర్థమైంది. కొనేవాడికి వేరే దేశపు రొయ్య దొరుకుతుంది, అమ్మేవాడికి చెరువులో రొయ్యని ఆపుకునే వీలు లేదు. దెబ్బ ఎవరి మీద పడుతుందో పటం లేకుండానే కనపడతా ఉంది.

మైనర్ ఏం పెట్టుకోవాలి అన్నావు. నీ ఫ్రెండ్స్ అందరూ కంప్యూటర్స్ అంటున్నారు, అది తప్పు అననుగానీ, నువ్వు ఎకనామిక్స్ పెట్టుకో. అకౌంటింగ్ నీకు డైరీలో ఉన్నదాన్ని సరిగ్గా రాయడం నేర్పుతుంది, డెబిట్ క్రెడిట్ రెండు పక్కలా సరిపోయేలాగా. డైరీలో ఏది రాయలేదో చూడటం ఎకనామిక్స్ పని. ఒకటి లేకుండా రెండోది కుంటిదే. నీకు లెక్కలంటే భయమని తెలుసు, మైనర్‌లో వచ్చే లెక్కలు టెన్త్ స్థాయి దాటి పెద్దగా పోవు, వాలు అంటే ఏంటో తెలిస్తే సగం గట్టెక్కినట్టే. బీబీఏ ఎందుకు కాదు అని మీ నాయన అడిగాడంట. 2024-25 నుంచి అది సాంకేతిక, మేనేజ్‌మెంట్ చదువులు చూసే ఏఐసీటీఈ కిందికి పోయింది, మంచి కాలేజీ దొరికితే బాగానే ఉంటుంది, కానీ మన చుట్టుపక్కల ఫీజూ బస్సూ చూసుకుంటే నీకు బీకామే దగ్గర.

ఇదంతా నిన్న రాత్రి ఫోన్లో వాడికి చదివి వినిపించాను, ముప్పావుగంట. ఊఁ ఊఁ అంటా విన్నాడు. చివర్లో, "పదిహేను క్లాసులు ఎగ్గొట్టొచ్చు అన్నావే, అది బాగుందక్కా" అన్నాడు. కాసేపాగి, "అక్కా, నీ ప్రాజెక్టు రికార్డు ఇంట్లోనే ఉందా? పంపు, ఊరి పేరు మార్చుకుంటా."

పంపిస్తా అన్నా. ఊరి పేరుతోపాటు అమ్మ కూలి కూడా ఈ ఏడు రేటుకి మార్చుకోరా, ఆ రేటు ఎంతో మీ అమ్మని అడిగి రాయి అన్నా.

"మా అమ్మనా?" అన్నాడు.